కరెంటు పోతే ఆ నీళ్ళు ఎక్కడికి పోతాయి?

మామిడిపళ్ళ రోజులు. రాత్రి పదకొండు గంటలయింది. మైలవరంలో మా అమ్మమ్మగారి ఇంట్లో అందరూ నిద్రపోతున్నారు. ముందుగదిలో నేను కొత్తగా అమర్చిన గాజుతొట్టిలో గప్పీలూ మోలీలూ తిరుగుతున్నాయి. వెనక వసారాలో చిన్న పంపు సన్నగా రొద చేస్తున్నది. దాని పక్కనే గడ్డి పరచి మాగవేసిన రసాలు. ఉన్నట్టుండి కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది, పంపు ఆగింది. ఉక్కకు కాసేపు అటూ ఇటూ దొర్లి మళ్ళీ నిద్రలోకి జారుకున్నాం.

తెల్లవారి అమ్మమ్మ కేకతో మెలకువ వచ్చింది.

"ఒరేయ్, వాన పడలేదు గదా, వసారా అంతా ఎట్లా తడిసిందిరా?"

గడ్డి నానిపోయింది. కింది వరుస పళ్ళు నీళ్ళలో ఉన్నాయి. ముందుగదిలోకి వెళ్ళి చూద్దును గదా, తొట్టిలో మూడోవంతుకు పైగా ఖాళీ! చేపలన్నీ మిగిలిన నీళ్ళలో ఒక మూలకు చేరి ఉన్నాయి.

తొట్టి పగలలేదు. గొట్టం ఊడలేదు. ఎవరూ నీళ్ళు తోడలేదు. మరి ముందుగదిలోని నీళ్ళు గోడ దాటి వసారాలోకి ఎట్లా వచ్చాయి? ఈ సంగతి ముందే తెలుసుకోవడానికి కాగితమూ పెన్సిలూ పట్టుకుని అరగంట కూర్చుంటే చాలు. నేను కూర్చోలేదు. చేపల తొట్టి పెట్టుకుని, దాని సంపును మరో చోట అమర్చాలని మీకు ఉంటే, గొట్టాలు కొనకముందే వేయవలసిన లెక్క ఒకటున్నది. అదేమిటో చూద్దాం.

ఇంటి సంపు, చేపల సంపు

'సంపు' అనే మాట మీకు కొత్త కాదు. చాలా ఇళ్ళలో నేలలో సిమెంటు సంపు ఉంటుంది, మేడమీద ట్యాంకు ఉంటుంది, నడుమ మోటారు ఉంటుంది. మోటారు నీళ్ళను పైకి ఎక్కిస్తుంది. పైనుంచి కిందికి దిగడానికి మోటారు అక్కర్లేదు, భూమి ఆకర్షణే చాలు. చేపల సంపుదీ ఇదే వరుస. ఒక్కటే తేడా. ఇంటి నీళ్ళను వాడుకుని పారబోస్తాం. చేపల నీళ్ళు తొట్టిలోంచి పొంగి సంపులోకి దిగుతాయి, అక్కడ శుభ్రపడి, పంపు ద్వారా మళ్ళీ తొట్టిలోకే వస్తాయి. రాట్నంలా రాత్రింబవళ్ళు తిరుగుతూనే ఉంటాయి.

ఎందుకీ తిప్పడం? చేప తన మొప్పల గుండా అమ్మోనియాను నీటిలోకి వదులుతుంది. తినగా మిగిలిన మేత కుళ్ళినా అమ్మోనియాయే. చెరువులో అయితే అంత నీటిలో అది ఒక లెక్కలోనిది కాదు. గాజుతొట్టిలో మాత్రం చేపకు అదే విషం. అదృష్టవశాత్తు ఈ విషాన్ని ఆహారంగా చేసుకునే బాక్టీరియాలు ఉన్నాయి. కొన్ని అమ్మోనియాను నైట్రైటుగా మారుస్తాయి. అదీ విషమే. మరికొన్ని ఆ నైట్రైటును నైట్రేటుగా మారుస్తాయి. దాని వల్ల హాని చాలా తక్కువ, మొక్కలకైతే అది ఎరువు. ఈ పని రెండు రకాల జీవులు రెండు అంచెలుగా చేస్తాయని రష్యన్ శాస్త్రవేత్త వినోగ్రాద్‌స్కీ 1890 ప్రాంతంలో నిరూపించాడు. ఈ బాక్టీరియాలు స్పాంజి, రాళ్ళు, ఇటుక ముక్కలు వంటి వాటిని అంటిపెట్టుకుని బతుకుతాయి. వాటికి ప్రాణవాయువు కావాలి, ఆహారం మోసుకువచ్చే ప్రవాహం కావాలి. సంపు అంటే వాటికి మనం కట్టి ఇచ్చే ఊరన్నమాట.

ఈ ఆలోచన పాతదే. లండన్‌లో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రవేత్త 1850లో చేపలు, నీటి మొక్కలు, నత్తలు కలిసి ఉంటే తొట్టిలోని నీరు చాలాకాలం చెడకుండా ఉంటుందని చూపించాడు. కాని పెద్ద తొట్లకూ, ఎక్కువ చేపలకూ అది చాలలేదు. విలియం ఆల్ఫర్డ్ లాయిడ్ అనే ఆయన 1871లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో ప్రారంభమైన మత్స్యశాలకు వేరే ఏర్పాటు చేశాడు. జనం చూసే తొట్ల కింద, చీకట్లో, వాటికంటే ఎన్నో రెట్లు పెద్ద జలాశయం కట్టించాడు. పంపులు అందులోని సముద్రపు నీటిని పైకి తోడుతుండేవి, అది తొట్లలోంచి పొంగి తిరిగి కిందికి చేరేది. మన ప్లాస్టిక్ గొట్టాల సంపుకు అది తాతగారు.

సంపును తొట్టి కిందనే బల్లలో దాచిపెట్టేవారే ఎక్కువ. దూరంగా, మరో గదిలోనో వసారాలోనో పెట్టడంలో కొన్ని లాభాలున్నాయి. రొద వినబడదు. కడుక్కోవడం తేలిక, నీళ్ళు చిందినా ఫరవాలేదు. కావాలంటే సంపును పెద్దది చేసుకోవచ్చు. కాని సంపు దూరమయ్యేకొద్దీ గొట్టం పొడుగవుతుంది, గొట్టంలో నిలిచే నీళ్ళు పెరుగుతాయి, ఏదైనా జరిగితే మనకు వెంటనే తెలియదు. తొట్టి కిందనే ఉంటే నీళ్ళు కారిన చప్పుడైనా వినిపించేది.

అసలు లెక్క

ఆనాటి నా తొట్టి కొలతలనే తీసుకుందాం. పొడవు 90 సెం.మీ., వెడల్పు 40 సెం.మీ., ఎత్తు 45 సెం.మీ. నీళ్ళు 42 సెం.మీ. వరకు ఉండేవి. పొడవు, వెడల్పు గుణిస్తే 3,600 చదరపు సెం.మీ. అంటే నీటిమట్టం ఒక్క సెంటీమీటరు దిగితే 3,600 ఘనపు సెం.మీ., అనగా 3.6 లీటర్లు బయటికి వెళ్ళినట్టు. ఈ 3.6 అనే అంకెను గుర్తుపెట్టుకోండి. మీ తొట్టికి వేరే అంకె వస్తుంది. దాన్ని తొట్టి వెనక అద్దం మీద రాసి పెట్టుకున్నా తప్పులేదు.

సంపు పొడవు 60, వెడల్పు 30, ఎత్తు 30 సెం.మీ. పంపు నడుస్తున్నప్పుడు అందులో నీళ్ళు 18 సెం.మీ. లోతు. పైన 12 సెం.మీ. ఖాళీ. 60ని 30తో, దాన్ని 12తో గుణించండి. 21,600 ఘనపు సెం.మీ., అంటే 21.6 లీటర్లు. పంపు ఆగినప్పుడు కిందికి దిగివచ్చే నీళ్ళకు మనం ఇవ్వగలిగిన చోటు ఇంతే.

ఇప్పుడు కరెంటు పోయిందనుకోండి. ఎన్ని నీళ్ళు దిగుతాయి?

నీళ్ళు పైకి వెళ్ళే గొట్టం లోపలి వ్యాసం 25 మి.మీ., పొడవు 6 మీటర్లు. ఇందులో సుమారు 3 లీటర్లు ఉంటాయి. కిందికి దిగే గొట్టం 40 మి.మీ.ది. నిండుగా ఉంటే ఏడున్నర లీటర్లు పడుతుంది గాని, అది మామూలుగా నిండుగా పారదు. సగం అనుకుని 4 లీటర్లు వేసుకుందాం. రెండూ కలిపి 7 లీటర్లు. సంపులో 21.6 లీటర్ల చోటున్నది గనుక ఇబ్బంది లేదని నేనూ అనుకున్నాను. అక్కడే దెబ్బతిన్నాను.

పంపు నుంచి వచ్చే గొట్టం కొనను నేను తొట్టి అడుగువైపుగా, నీటిమట్టానికి 15 సెం.మీ. లోతున ఉంచాను. కింద నీళ్ళు కదులుతుంటే చేపలకు బాగుంటుందని నా ఉద్దేశం. పంపు తిరుగుతున్నంతసేపూ ఆ కొనలోంచి నీళ్ళు తొట్టిలోకి వచ్చాయి. పంపు ఆగగానే అదే గొట్టం సైఫన్ అయింది!

సైఫన్ మీకు తెలిసినదే. డ్రమ్ములోంచి కిరసనాయిలు తీయడం ఎప్పుడైనా చూసి ఉంటారు. గొట్టం నిండా ద్రవం ఉండాలి. ఒక కొన ఎత్తున ఉన్న పాత్రలో, రెండో కొన దిగువన ఉండాలి. దిగువ వైపు వేలాడే నీటి స్తంభం బరువు ఎక్కువ గనుక అది కిందికి జారుతుంది. పై పాత్రలోని నీటిని వాతావరణ పీడనం గొట్టంలోకి నెడుతూ ఉంటుంది. గొట్టం తొట్టి అంచు దాటడానికి కాస్త పైకి ఎక్కి దిగినా సరే, ప్రవాహం ఆగదు. అది ఆగేది రెండు సందర్భాలలోనే. రెండు మట్టాలూ సమానమైనప్పుడు, లేదా గొట్టంలోకి గాలి చొరబడినప్పుడు.

మధ్యలో పంపు ఉన్నది గదా, అడ్డుపడదా అంటారేమో. ఈ చిన్న పంపులలో ఉండేది ఒక రెక్కల చక్రం మాత్రమే. అది తిరిగితే నీటిని నెడుతుంది. ఆగితే అది తలుపు కాదు, తెరిచి ఉన్న దారి. నీళ్ళు దాని సందుల్లోంచి వెనక్కి పోతాయి.

కాబట్టి ఆ రాత్రి నీటిమట్టం గొట్టం కొన దాకా, అంటే 15 సెం.మీ. దిగింది. 15ను 3.6తో గుణించండి, 54 లీటర్లు. గొట్టాల్లోని 7 కలిపితే 61 లీటర్లు. సంపులో చోటు 21.6. మిగిలిన 39.4 లీటర్లు ఎక్కడికి పోవాలి? రసాల కిందికి.

అదే గొట్టం కొనను నీటిమట్టానికి 2 సెం.మీ. కిందనే ఉంచితే? దిగేవి 7.2 లీటర్లు, గొట్టాలవి 7, మొత్తం 14.2. సంపులో ఇంకా 7 లీటర్లకు పైగా చోటు మిగులుతుంది. గొట్టం అదే, పంపు అదే, సంపు అదే. కొనను 13 సెం.మీ. పైకి జరపడం ఒక్కటే మార్పు. దానికి పైసా ఖర్చు లేదు.

గొట్టంలో, నీటిమట్టానికి కొంచెం కిందగా, 4 మి.మీ. రంధ్రం ఒకటి వేయమని కొందరు చెబుతారు. మట్టం అక్కడిదాకా దిగగానే ఆ రంధ్రంలోంచి గాలి చొరబడి సైఫన్ తెగిపోతుంది. మంచి ఉపాయమే. కాని రంధ్రంలో పాచి పెరుగుతుంది. చిన్న నత్త వచ్చి కూర్చున్నా చాలు. నెలకోసారి పుల్లతో పొడిచి శుభ్రం చేస్తారా? చేస్తామంటే పెట్టుకోండి. లెక్క మాత్రం రంధ్రం లేదనుకునే వేయండి.

మరికొందరు నీళ్ళు వెనక్కి రాకుండా ఆపే వాల్వు పెట్టమంటారు. మీలో మామిడితోటలు ఉన్నవారికి దీని సంగతి నేను చెప్పనక్కర్లేదు. బావిలో దిగే మోటారు గొట్టం కొసన ఫుట్‌వాల్వు ఉంటుంది. దానిపని కూడా నీళ్ళు వెనక్కి జారకుండా చూడడమే. వాల్వు నోట్లో ఒక ఆకో ఇసుక రేణువో చిక్కితే తెల్లవారేసరికి గొట్టం ఖాళీ! మీ నాన్నగారు బిందెతో నీళ్ళు తెచ్చి మోటారులో పోసి, మళ్ళీ స్విచ్చి వేయడం చూసే ఉంటారు. తోటలో అయితే ఆ పూటకు కాస్త శ్రమ, అంతే. ఇంట్లో అయితే గచ్చంతా నీళ్ళు. అందుచేత వాల్వును నమ్ముకుని సంపు చిన్నది చేయడం తెలివైన పని కాదని నా అభిప్రాయం.

చేసి చూడండి

తొట్టి కొనకముందే ఈ సంగతిని రెండు బక్కెట్లతో చూడవచ్చు. ఇల్లు కట్టే మేస్త్రీలు మట్టం చూడడానికి వాడే పారదర్శకమైన ప్లాస్టిక్ గొట్టం ఉంటుంది గదా, అది రెండు మీటర్లు సంపాదించండి. ఒక బక్కెట్టు నిండా నీళ్ళు పోసి స్టూలు మీద పెట్టండి. ఖాళీ బక్కెట్టు నేల మీద. గొట్టాన్ని నీళ్ళలో పూర్తిగా ముంచి నింపి, ఒక కొనను బొటనవేలితో మూసి కింది బక్కెట్టులోకి దించి వేలు తీయండి. నోటితో పీల్చవద్దు. ఎందుకంటే ఇవాళ మంచినీళ్ళు, రేపు చేపల నీళ్ళు.

మొదటిసారి పై కొనను నీటిమట్టానికి సరిగ్గా 2 సెం.మీ. కింద ఉండేట్టు బక్కెట్టు అంచుకు దారంతో కట్టండి. ప్రవాహం ఆగాక కిందికి వచ్చిన నీళ్ళు లీటరు సీసాతో కొలవండి. రెండోసారి 15 సెం.మీ. లోతున కట్టి కొలవండి. మూడోసారి కొన 15 సెం.మీ. లోతునే ఉంచి, మట్టానికి 2 సెం.మీ. కింద గొట్టానికి వేడి సూదితో రంధ్రం చేసి చూడండి. సూది రంధ్రం మరీ సన్నగా ఉంటే సైఫన్ తెగక, బుడగలు మింగుతూనే పారవచ్చు. ఎంత రంధ్రానికి తెగుతుందో మీరే కనుక్కోండి.

రెండో ప్రమాదం

కరెంటు పోయినప్పటి సంగతి చూశాం. కరెంటు ఉన్నప్పుడు కూడా ఒక ప్రమాదమున్నది. కిందికి దిగే గొట్టానికి ఏదైనా అడ్డుపడితే? పంపుకు ఆ విషయం తెలియదు. అది సంపులోని నీళ్ళను పైకి తోడుతూనే ఉంటుంది, తొట్టి పొంగి ముందుగది తడుస్తుంది.

మైలవరం ప్రాంతపు కొండల్లో పుట్టే బుడమేరు కథ మీకు తెలుసు. ఆ నీళ్ళు కొల్లేటికి చేరాలి, కొల్లేరు నిండితే ఉప్పుటేరు గుండా సముద్రంలోకి పోవాలి. వరదను తగ్గించడానికి వెలగలేరు దగ్గర నుంచి ఒక మళ్ళింపు కాలువ తవ్వి కొంత నీటిని కృష్ణలో కలిపే ఏర్పాటు చేశారు. 2024 సెప్టెంబరు మొదట్లో కుండపోత వానలకు వచ్చిన నీరు ఆ దారులు మోయలేనంత అయింది. మళ్ళింపు కాలువ గట్లకు గండ్లు పడ్డాయి. విజయవాడలో సింగ్‌నగర్ వంటి పేటలు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. గాజుతొట్టిని ఆ కష్టంతో పోల్చకూడదు గాని, నీటి నియమం రెండుచోట్లా ఒకటే. వచ్చే దారి ఎంత మోస్తుందో, పోయే దారి అంతకంటే ఎక్కువ మోయగలగాలి. ఒక దారి మూసుకుపోయిన రోజున రెండోది ఉండాలి.

అందువల్ల దిగే గొట్టాలు రెండు పెట్టండి. తొట్టి వెనక అద్దానికి పైభాగాన ఒక రంధ్రం, దానికంటే ఒకటిన్నర సెం.మీ. ఎత్తున మరొకటి. మొదటిది రోజూ పనిచేస్తుంది. రెండోది ఊరికే పొడిగా ఉంటుంది. మొదటిదానికి అడ్డుపడి మట్టం పెరిగిన రోజున ఆ నీళ్ళను రెండోది తీసుకుంటుంది. నీళ్ళు పడే చప్పుడు కూడా మారుతుంది గనుక మీకు తెలుస్తుంది. నోటి దగ్గర ప్లాస్టిక్ జల్లెడ ఉంచితే చేపలు, ఆకులు లోపలికి పోవు. రంధ్రాలు గాజు దుకాణంవారే వజ్రపు బిట్టుతో వేస్తారు. ఉక్కు లాగా గట్టిపరచిన టెంపర్డ్ అద్దానికి మాత్రం రంధ్రం వేయడం కుదరదు. వేయబోతే మొత్తం పొడిపొడి అవుతుంది. కొనేటప్పుడే అడగండి.

ఇక్కడా ఒక లెక్క. రెండు గొట్టాలూ మూసుకుపోయాయనే అనుకోండి. సంపులో పంపు ఉన్న అరను అడ్డు అద్దంతో చిన్నదిగా చేస్తే, అందులో ఉన్న నీళ్ళే పైకి వెళతాయి. ఆ అర 20 సెం.మీ. పొడవు, 30 సెం.మీ. వెడల్పు ఉండి, పంపు నోటికి పైన 10 సెం.మీ. నీళ్ళుంటే, అవి 6 లీటర్లు. తొట్టిలో అంచు దాకా 3 సెం.మీ. ఖాళీ ఉన్నది, అంటే 10.8 లీటర్ల చోటు. 6 లీటర్లు వచ్చినా తొట్టి పొంగదు. పంపు ఒట్టిగా తిరిగి చెడిపోవచ్చు. చెడితే చెడనివ్వండి, ఇల్లు మిగులుతుంది.

పైకెక్కే గొట్టం

పంపు పెట్టె మీద 'గంటకు 2,000 లీటర్లు, ఎత్తు 2 మీటర్లు' అని ఉంటుంది. ఇది చూసి రెండు మీటర్ల ఎత్తుకు గంటకు 2,000 లీటర్లు ఎక్కిస్తుందని చాలామంది పొరబడతారు. మొదటి అంకె ఎత్తే లేనప్పటిది. రెండో అంకె నీళ్ళు ఒక్క చుక్కా బయటికి రాకుండా ఆగిపోయే ఎత్తు. ఎత్తు పెరిగేకొద్దీ నీళ్ళు తగ్గుతాయి.

మన తొట్టికీ సంపుకూ కలిపి 180 లీటర్ల పైచిలుకు నీళ్ళు. గంటకు ఐదారుసార్లు తిరిగితే బాగుంటుంది. గంటకు 1,000 లీటర్లు అనుకుందాం. తొట్టి బల్ల 75 సెం.మీ. ఎత్తు. వసారా ముందుగది కంటే ఒక మెట్టు పల్లం. సంపు నీటిమట్టం నుంచి తొట్టి నీటిమట్టానికి ఎత్తు సుమారు 120 సెం.మీ. వచ్చింది. ఇంతటితో అయిపోలేదు. గొట్టం లోపలి గోడలకు నీరు రాసుకుంటూ పోతుంది. ఆ ఘర్షణను జయించడానికి పంపు ఇంకొంత ఎత్తు ఎక్కించినంత కష్టపడాలి. 6 మీటర్ల గొట్టం, నాలుగు ఎల్బోలు వేసి లెక్కగడితే, 25 మి.మీ. గొట్టానికి ఈ అదనపు ఎత్తు సుమారు 17 సెం.మీ. మరి చౌకగా వస్తుందని 16 మి.మీ. గొట్టం వేస్తే? సుమారు 130 సెం.మీ.! తొట్టిని ఇంకా అంత ఎత్తుకు లేపినంత పని. నీళ్ళు అన్నే పారాలంటే, గొట్టం వ్యాసం సగమైనప్పుడు ఘర్షణ రెండింతలు కాదు, పాతిక ముప్పై రెట్లు అవుతుంది. సన్నగొట్టంలో నీరు వేగంగా పరుగెత్తాలి, పైగా గోడలకు మరింత దగ్గరగా పోవాలి గదా.

అందుకే సంపు దూరమైనప్పుడు డబ్బులు పంపు మీద కంటే గొట్టం లావు మీద పెట్టడం మంచిది. పెద్ద పంపు ప్రతి నెలా కరెంటు తింటుంది. లావు గొట్టం ఒకసారి కొంటే సరి. మన అమరికకు 3 మీటర్ల దాకా ఎత్తగల పంపు తెచ్చి, ఎక్కువైతే బాల్‌వాల్వుతో కాస్త తగ్గించుకోవచ్చు. ఆ వాల్వు పైకెక్కే గొట్టానికే ఉండాలి. రోజూ పనిచేసే దిగుడు గొట్టాన్ని వాల్వుతో బిగించవద్దు.

దిగే గొట్టం

ఈ గొట్టంలో నీటిని లాగేది భూమి ఆకర్షణ ఒక్కటే గనుక, దారి పొడుగునా వాలు ఉండాలి. మీటరుకు 2 సెం.మీ. చొప్పున అయినా వాలు పెట్టండి. నడుమ ఎక్కడా దిగి మళ్ళీ ఎక్కకూడదు. అట్లా ఎక్కిన చోట గాలి చేరుతుంది. దిగిన చోట మడ్డి చేరుతుంది. తోటల్లో పొడుగాటి పైపులైను వేసినప్పుడు మిట్ట మీద గాలి పట్టి నీళ్ళు ఆగిపోవడం, అక్కడ గాలి వాల్వు పెట్టడం మీ ఊళ్ళో ఎవరిని అడిగినా చెబుతారు. మన గొట్టానికీ తొట్టి దగ్గర, పైభాగాన, ఒక టీ అమర్చి దాని పైనోరు తెరిచి ఉంచాలి. గాలి అందులోంచి పోతూ వస్తూ ఉంటుంది. లేకపోతే గొట్టం నీటినీ గాలినీ వంతులవారీగా గుటకలు వేస్తూ రాత్రంతా గుడగుడమంటుంది. మలుపుల దగ్గర ఒక నిలువు ఎల్బోకు బదులు రెండు 45 డిగ్రీల ఎల్బోలు వేస్తే మడ్డి నిలవదు. సంపు దగ్గరా, తొట్టి దగ్గరా యూనియన్లు పెట్టుకుంటే విప్పి కడుక్కోవచ్చు. అన్నిటినీ సొల్యూషనుతో అంటించేస్తే మాత్రం ప్రతిసారీ రంపం కావాలి. అంటించాక ఒకరోజు ఆరనిచ్చి, కడిగి, తరవాతే నీళ్ళు పెట్టాలి. ఇత్తడి, రాగి అమరికలు వద్దు. రాగి కరిగి నీటిలో చేరితే నత్తలకూ రొయ్యలకూ ప్రాణాంతకం, ఎక్కువైతే చేపలకు కూడా.

పంపు తీగను ప్లగ్గు కంటే కిందికి వేలాడి మళ్ళీ పైకి వెళ్ళేట్టు ఉంచండి. తీగ వెంట జారే నీటిబొట్టు ఆ వంపులో కింద పడిపోతుంది, ప్లగ్గులోకి పోదు. నీళ్ళలో చెయ్యి పెట్టేముందు స్విచ్చి కట్టి, ప్లగ్గు తీసేయాలి. కరెంటు లీకైతే తనంతట తాను కట్టయ్యే స్విచ్చి ఒకటి ఈ లైనుకు పెట్టమని ఎలక్ట్రీషియనును అడగండి. కరెంటు పని అతనిదే, మీది కాదు.

నీళ్ళు ఆగిన తరవాత చేపల గతి

వసారా తడవకుండా చూసుకున్నాం. మరి చేపలు? వెచ్చని నీటిలో ప్రాణవాయువు తక్కువగా కరుగుతుంది. 20 డిగ్రీల మంచినీటిలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాములు పడితే, 35 డిగ్రీల నీటిలో 7 మాత్రమే. వెచ్చదనానికి చేప ఊపిరి అవసరం పెరుగుతుంది కూడా. పంపు నడిచేటప్పుడు పొంగిపడే నీరు గాలిని కలుపుకుంటుంది. ఆగితే అదీ లేదు. మన వేసవి రాత్రుల్లో కరెంటు ఎక్కువసేపు పోతే చేపలు పైకి చేరి నోళ్ళు తెరుస్తుంటాయి. అప్పుడు చెంబుతో నీళ్ళు ముంచి, జానెడు ఎత్తు నుంచి తొట్టిలోకే పోస్తూ ఉండండి. పది నిమిషాలకోసారి ఇరవై చెంబులు పోసినా ఎంతో మేలు. బ్యాటరీతో నడిచే చిన్న గాలిపంపు ఉంటే మీ చేతులకు విశ్రాంతి. తొట్టిలో చేపలు తక్కువ ఉంటే అన్నిటికంటే మేలు.

ఎండాకాలంలో ఇంకో సంగతి గమనిస్తారు. నీళ్ళు ఎంత ఆవిరైనా తొట్టిలో మట్టం మారదు. పొంగే అంచు దాన్ని కట్టి ఉంచుతుంది. తగ్గేదంతా సంపులో, పంపు అరలో కనిపిస్తుంది. రోజుకు 4 మి.మీ. చొప్పున ఆవిరైనా తొట్టికీ సంపుకూ కలిపి రెండు లీటర్ల పైన పోతుంది. పంపు అర 600 చదరపు సెంటీమీటర్లే గనుక అక్కడ మట్టం మూడున్నర సెంటీమీటర్లకు పైగా పడిపోతుంది. రోజూ అక్కడే నీళ్ళు పోయాలి. అయితే ఎంతవరకు? పంపు నడుస్తున్నప్పుడు 18 సెం.మీ. వరకే. ఇంకో చెంబు పోస్తే పోయిందేముంది అని పోస్తూ పోతే, కరెంటు పోయిననాటికి మనం అట్టిపెట్టిన చోటు మిగలదు.

ఈ గీత ఎక్కడ గీయాలో చేపలు వేయకముందే తేల్చుకోవాలి. అన్నీ బిగించాక మంచినీళ్ళతో పంపు నడపండి. మట్టాలు కుదుటపడ్డాక స్విచ్చి కట్టి, సంపు పక్కన కూర్చోండి. సైఫన్ తెగేదాకా నీళ్ళు ఎంత ఎత్తు వస్తాయో చూడండి. అంచుకు 3 సెం.మీ. కిందనే ఆగాలి. ఆగకపోతే కొన్ని నీళ్ళు తోడేసి మళ్ళీ చేయండి. తరవాత స్విచ్చి వేయండి. పంపు నీళ్ళు ఎత్తుకుంటున్నదా, దిగే గొట్టం తనంతట తాను అందుకుంటున్నదా చూడండి. ఒకసారి జల్లెడకు గుడ్డ చుట్టి రెండో గొట్టాన్ని పరీక్షించండి. ఇట్లా పదిసార్లు కట్టండి, వేయండి. పదోసారి కూడా గచ్చు పొడిగా ఉంటే, పంపు నడుస్తున్నప్పటి మట్టం దగ్గర సంపు అద్దం మీద చెరగని సిరాతో అడ్డంగా గీత గీయండి.

నా సంపు మీద ఆ గీత ఇప్పటికీ ఉన్నది. మామిడికాయలను మాత్రం ఆ తరవాత అమ్మమ్మ వసారాలో వేయనివ్వలేదు, అటక ఎక్కించింది.